ముప్పై ఒకటో పేజీ

పార్టీ పేరు చెప్పను.
చెబితే మా ఓనరు రేపట్నుంచి రావద్దంటాడు.
పెద్ద పార్టీ, అంతవరకు చాలు.
భీమవరం జువ్వలపాలెం రోడ్డు సందులో
మా ప్రెస్సుకి వాళ్ళ మేనిఫెస్టో వచ్చింది,
శుక్రవారం రాత్రి, తెల్లారేసరికి కావాలంటూ.

నలభై ఏడు పేజీలు.
ముప్పై దాకా ఇంటి సంగతులే:
తడిసిన ధాన్యానికి ధర,
కాలవలకి పూడికతీత,
యనమదుర్రు డ్రైనుకి మళ్ళీ నీళ్ళరంగు,
చెరువుల కరెంటు యూనిట్ రూపాయిన్నర.
ముప్పై ఒకటి నుంచి విదేశాంగం.
అక్కడికొచ్చేసరికి భాష ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది.
సార్వభౌమత్వ పరిరక్షణకు కట్టుబడి,
పొరుగువారితో పరస్పర గౌరవపూర్వకంగా...
టైపు చేస్తున్న నా వేళ్ళు
పిలవని పెళ్ళికెళ్ళినట్టు
ఎక్కడ కూర్చోవాలో తెలీక తచ్చాడాయి.

ప్రూఫులు దిద్దే కామేశం గారు
ఎర్ర పెన్నుతో ఒక్కచోట ఆగారు.
ఎగుమతి ఉండాల్సిన చోట దిగుమతి కొట్టానట.
"ఒక్కక్షరమేనమ్మా తేడా,
జిల్లా మునిగిపోద్ది" అన్నారు
నవ్వకుండా.

బిల్లు పుస్తకాల కోసం వచ్చి
కొల్లాటి ఏడుకొండలు నా వెనకాలే నిలబడ్డాడు.
మూడెకరాల చెరువు, కౌలుది.
"సుంకం గురించి ఏం రాశారండి?"
చదివాను. తగు సమయంలో తగు చర్యలు.
"ఆయ్" అన్నాడు, అంతే.
కాసేపాగి తనే అందుకున్నాడు:
"అర్ధరాత్రి ఏరేటర్లు ఆగితే అది దేశీయం.
తెల్లారి, సముద్రాల అవతల ఎవడో పెన్ను మూత తీసి
నలభై కౌంటు మీద కిలోకి యాభై లాగేస్తే
అది విదేశాంగం.
రొయ్యకి ఈ రెండు శాఖలూ తెలీవండి.
మధ్యలో పోయేది నా నిద్రొకటే."
వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.
"ఆ పొరుగువారి గౌరవం పేజీ రెండు కాపీలియ్యండి.
ఒకటి గట్టవతల సుభద్రాయమ్మ గారికి పంపుతాను."
ఆవిడది వరి చేను.
ఈయన ఉప్పునీరు వీసా లేకుండా
మూడేళ్ళుగా గట్టు దాటుతోంది.
ఆర్డీవో ఆఫీసులో ఫైలు కూడా ఉప్పెక్కిపోయింది.

రాత్రి రెండింటికి
ఫారాలు మడతపెట్టే గెడ్డం మార్తమ్మ అడిగింది:
"ఇందులో మా గురించుందా పాపా?"
ఎనిమిదేళ్ళు కువైట్‌లో చేసొచ్చింది.
పాస్‌పోర్టు మాత్రం ఆ ఎనిమిదేళ్ళూ
సేఠు బీరువాలోనే కాపురం చేసింది.
వెతికాను. ముప్పై నాలుగో పేజీ, అడుగున,
సగం వాక్యం:
ప్రవాస శ్రామిక మహిళల సమస్యలు పరిశీలిస్తాం.
"అంటే?"
"చూస్తారంట."
జిగురంటిన వేలు ఆ మాట మీద పెట్టి
కాసేపు అలాగే ఉంచింది.
"ఎంబసీ గుమ్మంకాడ మూడ్రోజులు కూకున్నానే,
అప్పుడూ చూశార్లే."
ఆ కాపీలో ఇప్పటికీ
పరిశీలిస్తాం మీద ఒక వేలిముద్ర ఉంది.

పదహారేసి పేజీల ఫారం మాది.
నలభై ఎనిమిదోది మిగిలిపోయింది.
నాయకుడి ఫోటో వేద్దామన్నారు,
ఫోటో రాలేదు, తెల్లారిపోయింది.
పదివేల కాపీలు,
పదివేల తెల్లపేజీలు.

మొన్న ఉండి అవతల
ఏడుకొండలు చెరువు పాకలో
మేత బస్తాల మధ్య ఆ పుస్తకం కనబడింది,
వెనక్కి తిప్పి, మేకుకి గుచ్చి.
తెల్లపేజీ నిండిపోయింది.
మేత పన్నెండు బస్తాలు. డీజిలు ముప్పై లీటర్లు.
ఉప్పు శాతం పద్నాలుగు.
వడ్డీ, అని రాసి, అంకె వెయ్యలేదు.
అన్నిటికంటే కింద, వేరే చేతిరాత,
గుండ్రంగా, పాతకాలపు బడి రాత:
గట్టు పక్కన ఊటకాలవ తవ్వించాలి.
సగం ఖర్చు మీది, సగం నాది.

సంతకాలు ఇంకా లేవు.